రాజుల పోటీలో ఆడవాళ్ల జట్టు

పేరు దగ్గరే మొదలుపెడతాను. 'ది కింగ్ ఆఫ్ ఫైటర్స్' అనే వీడియో గేమ్‌ను జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఎస్ఎన్‌కే కంపెనీ 1994 ఆగస్టులో విడుదల చేసింది. యోధులందరిలో రాజెవరో తేల్చే పోటీ అది. ఇరవై నాలుగు మంది బరిలో ఉంటారు. వాళ్లలో కింగ్ అనే పేరున్నది ఒక్కరికే. ఆ ఒక్కరూ ఆడమనిషి. పొట్టి జుట్టు, చొక్కా, ప్యాంటు, బో టై. చేతులు కట్టుకుని నిలబడినట్టే నిలబడి కాలితో కొడుతుంది. ఈ పేరు, ఈ వేషం ఆమెకెలా వచ్చాయో, ఆమెను ఏ జట్టులో కూర్చోబెట్టారో, మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో ఆ జట్టు ఏమైందో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

సినిమాల్లో, సీరియళ్లలో, వ్యాపార ప్రకటనల్లో స్త్రీని ఎలా చూపిస్తున్నారో మనం చాలా రాసుకున్నాం. వీడియో గేమ్‌ల జోలికి మాత్రం పెద్దగా వెళ్లలేదు. అది మగపిల్లల వ్యవహారం అని వదిలేశాం. మగపిల్లల వ్యవహారం కాబట్టే చూడాలి అన్నది నా వాదన. 1975లో లారా మల్వీ, తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడి చూపు మగవాడి చూపుగా ఎలా తయారవుతుందో విశ్లేషించింది. వీడియో గేమ్‌లో ఆ చూపుతోపాటు చేతులు కూడా ఉంటాయి. తెరమీది స్త్రీని చూడటంతో సరిపోదు. ఆమెతో కొట్టించాలి, ఆమెను కొట్టాలి, గెలవాలంటే కాసేపు ఆమె అయిపోవాలి. ఈ మూడో సంగతి సినిమాలో లేదు. నన్ను ఈ ఆట దగ్గర ఆపింది అదే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫైటింగ్ గేమ్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం. తెర పైభాగంలో ఇద్దరి ప్రాణబలాన్ని చూపే రెండు గీతలుంటాయి. దెబ్బ తగిలినకొద్దీ గీత తరుగుతుంది. ఎవరి గీత ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. 1991లో క్యాప్‌కామ్ విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ 2'తో ఈ రకం ఆటలు ప్రపంచమంతా పాకాయి. అందులో మనం ఎంచుకోగల ఎనిమిది మందిలో ఒక్కతే స్త్రీ, చున్ లీ. తండ్రిని చంపినవాడిని వెతుక్కుంటూ వచ్చిన పోలీసు డిటెక్టివ్. ఆడది కాబట్టి ఆమె ప్రాణబలం గీతను మిగతావాళ్ల కంటే పొట్టిగా పెడదామన్న ప్రతిపాదన తయారీ దశలో వచ్చిందట. అది వీగిపోయింది. వీగిపోకపోతే ఈ ఆటల చరిత్ర వేరేలా ఉండేది, ఎందుకంటే అందరికీ ఒకే పొడవు గీత అన్నది అక్కడ స్థిరపడింది. (ఇంకో సంగతి. ఆ ఆట సంగీతంలో చాలా భాగం సమకూర్చింది యోకో షిమోమురా అనే యువతి. ఆనాటి జపాన్ కంపెనీల అలవాటు ప్రకారం తెరమీద అసలు పేరు కాకుండా ముద్దుపేరు పడింది. కోట్ల మంది చెవుల్లో మోగిన బాణీలు ఒక స్త్రీవని చాలాకాలం ఎవరికీ తెలియదు.)

ఎనిమిది మందిలో ఒక్కతే అన్నది చున్ లీతో ఆగలేదు. 1992లో అమెరికాలో వచ్చిన 'మోర్టల్ కాంబాట్'లో ఏడుగురిలో ఒక్కతే, సోన్యా. అదే ఏడాది ఎస్ఎన్‌కే తీసిన 'ఫేటల్ ఫ్యూరీ 2'లో ఎనిమిది మందిలో ఒక్కతే, మాయి షిరానుయి. అదే కంపెనీవారి 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్'లో కొట్లాడే స్త్రీ ఒక్కతే, కింగ్. అమెరికన్ రచయిత్రి కాథా పాలిట్ 1991లోనే పిల్లల కార్యక్రమాల గురించి రాస్తూ దీనికి 'స్మర్ఫెట్ సూత్రం' అని పేరు పెట్టింది. మగవాళ్ల గుంపు ఒకటి, అందులో ఒకే ఒక ఆడపిల్ల. మగవాళ్లలో ఒకడు లావు, ఒకడు సన్నం, ఒకడు తెలివైనవాడు, ఒకడు కోపిష్టి. ఆమె గుణం మాత్రం ఆడపిల్ల కావడమే. చున్ లీ వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

ఒక్కతే అయినప్పుడు ఏమవుతుందో మాయి దగ్గర బాగా తెలుస్తుంది. ఆమె నింజా. చేతిలో విసనకర్ర, వేగం, నైపుణ్యం, అన్నీ ఉన్నాయి. కానీ ఊరికే నిలబడి ఊపిరి పీలుస్తున్నప్పుడు కూడా వక్షోజాలు కదిలేలా ఆమెను గీశారు. కొట్టడం ఆమె పని. కనబడటం ఆమె ఉద్యోగం. తెలుగులో చదువుకున్నవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. నరకాసురుడితో యుద్ధం చేస్తున్న సత్యభామను చూసే రెండు జతల కళ్లను పోతన ఒకే పద్యంలో కూర్చాడు. ఒక జత భర్తవి, ఒక జత శత్రువువి. ఒకరికి ఆమె మురిపెం, ఒకరికి ఆమె భయం. బాణం వేస్తున్న ఆమెకు ఏం కనబడుతోందో ఆ పద్యం అడగదు. మాయిని గీసినవాళ్లూ అడగలేదు. అయితే బటన్లు మన చేతిలో ఉన్నాయి కాబట్టి మాయిగా ఆడుతున్నప్పుడు ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడు? విసనకర్ర అందుతుందా? ఎగిరితే తప్పించుకోగలనా? ఆ క్షణంలో మాయి శరీరం చూసేది కాదు, లెక్కపెట్టుకునేది. తల తిప్పి పక్కవాళ్లు ఆడుతుంటే చూశామా, మళ్లీ చూసేదే. ఈ రెండూ ఒకే తెరమీద, ఒకే బొమ్మలో ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక కింగ్ కథ. 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్' కథ మనకు కొట్టిన పిండి లాంటిది. యూరీ అనే అమ్మాయిని దుండగులు ఎత్తుకుపోతారు. అన్న ర్యో, అతని స్నేహితుడు రాబర్ట్ ఆమెను వెతుక్కుంటూ ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ పోతారు. కథ నడిచే ఆటలో మనం ఆ ఇద్దరిలో ఒకరిగానే ఆడగలం. యూరీ చివర్లో కనిపిస్తుంది. ర్యో ముసుగువాడిని పడగొట్టి చంపబోతుంటే వచ్చి ఆపుతుంది, ఆ ముసుగువాడు తమ తండ్రి తకుమా కాబట్టి. మొత్తం ఆటలో ఆమె పని అదే. అపహరణకు గురికావడం, ఆపై తండ్రీకొడుకులను కలపడం. కింగ్ ఆ దుండగుల నాయకుడు మిస్టర్ బిగ్ దగ్గర పనిచేస్తుంది. నడవలేని తమ్ముడు ఉన్నాడు, డబ్బు కావాలి. మగవాడిగా చలామణి అవుతూ మగవాళ్లను కొడుతుంది. ఆమెను మామూలు దెబ్బతో ఓడిస్తే అంతటితో సరి. ప్రత్యేకమైన దెబ్బతో ఓడిస్తే మాత్రం చొక్కా చిరిగి లోదుస్తులు బయటపడతాయి. ర్యో ఆశ్చర్యపోతాడు, అరే, ఆడదానివా అని.

ఇది వట్టి అసభ్యత అయితే ఇంత రాసేదాన్ని కాదు. చూడండి, ఆటగాడి నైపుణ్యానికి బహుమానంగా ఇక్కడ పెట్టినది ఏమిటో. బాగా ఆడితే ఆడది బయటపడుతుంది. మగవేషంలో ఉన్న స్త్రీని గుర్తించే పద్ధతి ప్రపంచ సాహిత్యంలో ఎప్పుడూ ఒకటే, ఒళ్లు చూడటం. ఆమె మాట, నడక, దెబ్బ, ఇవేవీ ఆమెను పట్టివ్వవు. చొక్కా చిరగాలి. ఈ శిక్ష కింగ్‌ను తర్వాతి ఆటల్లోకి కూడా వెంబడించింది. అప్పటికి ఆమె స్త్రీ అని అందరికీ తెలుసు, బయటపెట్టవలసిన రహస్యం ఏమీ మిగల్లేదు. అయినా చొక్కా చిరుగుతూనే ఉంది.

1994 నాటికి ఎస్ఎన్‌కే దగ్గర ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. వాటన్నిటి మనుషుల్నీ ఒకే బరిలోకి దింపితే ఎలా ఉంటుంది అన్న ఆలోచనే 'ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94'. ఒక కథలోవాళ్లను మరో కథలోవాళ్లతో కలపడాన్ని క్రాసోవర్ అంటారు. స్త్రీల చేతిలో పడితే ఈ పద్ధతి ఏం చేయగలదో మనకు తెలుసు. ఓల్గా 'విముక్త' కథల్లో సీతను శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో కూర్చోబెట్టి మాట్లాడించింది. ఎవరి కథలో వాళ్లు ఒంటరిగా ఉన్న స్త్రీలు గోడలు దాటి కలుసుకుంటే ఆ కథల అర్థమే మారుతుంది. ఎస్ఎన్‌కేకు అలాంటి ఉద్దేశం ఉందని నేను అనను. తన పాత ఆటల అభిమానులందరి దగ్గరా నాణేలు రాబట్టుకోవడం దాని ఉద్దేశం. కానీ జరిగిన పని జరిగింది.

ఎలాగంటే, ఈ ఆటలో ఒక్కొక్కరు కాదు, ముగ్గురేసి జట్టుగా వస్తారు. మొత్తం ఎనిమిది జట్లు. ప్రతి జట్టుకూ ఒక దేశం. టెర్రీ, ఆండీ, జో ఇటలీ. ర్యో, రాబర్ట్, తకుమా మెక్సికో. క్యో, బెనిమారు, గోరో జపాన్. చైనా, కొరియా, బ్రెజిల్, అమెరికా మిగతావాళ్లవి. ఇప్పుడు లెక్క చూడండి. మాయి ప్రేమించే ఆండీ ఇటలీ జట్టులో ఉన్నాడు, అక్కడ మూడు కుర్చీలూ నిండిపోయాయి. యూరీ అన్న, తండ్రి, ప్రేమికుడు ముగ్గురూ మెక్సికో జట్టు, అక్కడా మూడు కుర్చీలూ నిండిపోయాయి. కింగ్‌కు ఎవరూ లేరు. మిగిలిపోయిన ఈ ముగ్గురినీ కలిపి 'ఆడవాళ్ల జట్టు' అన్నారు. ఇంగ్లండ్ దేశం ఇచ్చారు. మాయిదీ యూరీదీ ఇంగ్లండ్ కాదు. మగవాళ్ల జట్లకు ఊరో, వంశమో, గురువో, సైన్యమో ఏదో ఒక బంధం ఉంది. ఈ జట్టుకు ఉన్న బంధం ఆడవాళ్లు కావడం ఒక్కటే. స్త్రీకి దేశంతో ఉన్న సంబంధం ఏపాటిదో వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్'లో అడిగిన ప్రశ్న నాకు ఇక్కడ గుర్తుకు వచ్చింది. అది కూడా ఇంగ్లండే.

(నాలుగో స్త్రీ ఎథీనా. 1987 నాటి 'సైకో సోల్జర్' ఆట నుంచి వచ్చిన బడిపిల్ల, పాటలు పాడే తార. ఆమె మాత్రం తన పాత సహచరుడు కెన్సూ, వృద్ధ గురువు చిన్‌తో చైనా జట్టులో ఉంది. ఆమెకు బరిలో ఒక గురువు ఉన్నాడు కాబట్టి ఆడవాళ్ల జట్టు అవసరం పడలేదు.)

మిగిలిపోయినవాళ్ల జట్టే. ఒప్పుకుంటాను. కానీ ఆ ముగ్గురు ఎవరో ఇంకోసారి చూడండి. యూరీ బందీ. కింగ్ ఆమెను బంధించినవాడి దగ్గర కూలికి కొట్టిన మనిషి. రెండేళ్ల క్రితం ఒకే కథలో అటూ ఇటూ ఉన్న ఈ ఇద్దరు స్త్రీలు ఇప్పుడు ఒకే వైపు నిలబడ్డారు. ర్యో, రాబర్ట్‌ల కథలో వాళ్లిద్దరి మధ్య ఒక్క సన్నివేశం లేదు. ఈ ఆటలో ఒకరు కొట్లాడుతుంటే మిగతా ఇద్దరూ వెనక నిలబడి చూస్తుంటారు. కొట్లాడే మనిషి బలం సన్నగిల్లి, ఎదుటివాడి పట్టులో చిక్కుకున్నప్పుడు, దగ్గర్లో ఉంటే వెనకవాళ్లలో ఒకరు ముందుకొచ్చి ఒక్క దెబ్బ వేసి విడిపించి వెళ్లగలరు. యూరీ చిక్కుకుంటే కింగ్ వచ్చి విడిపిస్తుంది. అన్న రాడు, ప్రేమికుడు రాడు. వాళ్లు మెక్సికో జట్టులో ఉన్నారు.

ఇక్కడికి వచ్చాకే రెండో భాగం ప్రాముఖ్యం అర్థమవుతుంది. 'ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95' 1995 జూలైలో వచ్చింది. పైకి చూస్తే పెద్ద మార్పేమీ లేదు. మళ్లీ ఎనిమిది జట్లు, ఇరవై నాలుగు మంది. స్త్రీలు మళ్లీ ఆ నలుగురే. అమెరికా జట్టును తీసేసి ఇయోరీ అనే కొత్తవాడితో ప్రత్యర్థుల జట్టు ఒకటి పెట్టారు. కానీ ఆట మొదలుపెట్టగానే తెర ఒక ప్రశ్న అడుగుతుంది, జట్టును మీరే కూర్చుకుంటారా అని. మొదటి భాగంలో ఈ అవకాశం లేదు. ఒక జట్టును ఎంచుకుంటే ఆ ముగ్గురితోనే ఆడాలి. యూరీ కావాలంటే కింగ్, మాయి కూడా రావలసిందే. ఇప్పుడు ఎవరినైనా ఎవరితోనైనా కలపవచ్చు.

స్త్రీల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. ఎవరి ప్రాణబలం గీతా పెరగలేదు. ఎవరు ఎవరి పక్కన నిలబడవచ్చు అన్న నియమం ఒక్కటి పోయింది. అంతే. నాలుగు పేర్లతో ఎన్ని కొత్త బంధుత్వాలు వచ్చాయో ఆడితేగానీ తెలియదు.

పాత ఆటలను హ్యామ్‌స్టర్ అనే జపాన్ కంపెనీ ఇప్పటి మిషన్లకు పనికొచ్చేలా తిరిగి విడుదల చేసింది. అలా వచ్చిన రెండో భాగాన్ని ఇంట్లో టీవీకి తగిలించుకుని చాలా రోజులు ఆడాను. మొదట యూరీని, రాబర్ట్‌ను, ర్యోను కలిపాను, తండ్రి తకుమా కుర్చీలో కూతురిని కూర్చోబెట్టి. తకుమా ఎదుటి జట్టులో వచ్చినప్పుడు ముందు యూరీనే దింపాను. గెలవడానికి నాలుగు సార్లు పట్టింది. తర్వాత ఎథీనాను చైనా జట్టు నుంచి తీసుకొచ్చి కింగ్, మాయిల మధ్య నిలబెట్టాను. ఇరవై నాలుగు మందిలో నాకు నచ్చిన ఆడవాళ్లు ముగ్గురు, ఇంగ్లండ్ పేరు లేకుండా. ఆ తర్వాత కింగ్‌ను ఒక్కదాన్నే ముందు పెట్టి ఎదుటి ముగ్గురినీ వరసగా ఓడించాలని చూశాను. ఈ ఆటలో గెలిచినవాళ్లు బరిలోనే ఉంటారు, ఓడినవాళ్ల స్థానంలో తర్వాతివాళ్లు వస్తారు. కాబట్టి ఒక్క మనిషి మొత్తం జట్టును పడగొట్టవచ్చు. కింగ్ కాలు దూరం నుంచి అందుతుంది, నిప్పులా ఒక వేటు గాలిలో వదులుతుంది. ర్యో పడ్డాడు, రాబర్ట్ పడ్డాడు. తకుమా దగ్గర ఆమె గీత వెంట్రుకవాసి మిగిలింది. పడింది. చొక్కా చిరిగింది. బటన్లు నొక్కుతున్నది నేనే కాబట్టి, ఆ చిరిగింది నాదే అన్నంత కోపం వచ్చింది. మల్వీ వ్యాసం చదివినప్పుడు రాని కోపం అది.

ఈ స్వేచ్ఛకు ఒక వెల ఉంది. కంపెనీవారు కూర్చిన జట్టుతో చివరిదాకా గెలిస్తే ఆ జట్టు తాలూకు కథ ముగింపుగా వస్తుంది. వాళ్లు మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు, ఇంటికి వెళతారు. మనం కూర్చుకున్న జట్టుకు అలా తనదైన కథ ఉండదు. కూతురు తండ్రి కుర్చీలో కూర్చుని గెలిచినా ఆ గెలుపు గురించి ఆటకు చెప్పడానికి ఏమీ లేదు. తర్వాత 1997 నాటి భాగంలో ఒక మినహాయింపు ఇచ్చారు. క్యో, ఇయోరీ, చిజురు అనే ముగ్గురిని మనంతట మనం కలిపితే వాళ్లకో ముగింపు ఉంది. ఇద్దరు మగవాళ్లు, ఒక స్త్రీ. ఆ ముగ్గురి వంశాల పాత బంధం అప్పటికే కథలో ఉంది కాబట్టి ఆ ముగింపు రాశారు. కింగ్, మాయి, ఎథీనా కలిసి గెలిస్తే ఏం మాట్లాడుకునేవారో ఎవరూ రాయలేదు.

మన పత్రికల్లో, మన సభల్లో ఈ వాదన ఎన్నిసార్లు జరగలేదు! 1993లో 'నీలి మేఘాలు' కవితా సంకలనం వచ్చినప్పుడు, స్త్రీల కవిత్వానికి వేరే పుస్తకం ఎందుకు, కవిత్వం కవిత్వమే కదా అన్నవాళ్లు ఉన్నారు. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం 1991లో, రెండోది 1993లో వచ్చాయి. అక్కడా అదే ప్రశ్న. మూడు కుర్చీలూ నిండిన జట్టువాళ్లే ఎప్పుడూ ఈ ప్రశ్న వేస్తారు. వేరే జట్టు అవమానమేనని నేనూ అనుకునేదాన్ని, కొంతకాలం. కానీ కింగ్‌ను, యూరీని కలిపింది ఆ జట్టే. ఆ జట్టు లేకుండా నేరుగా రెండో భాగంలోని స్వేచ్ఛ వచ్చి ఉంటే వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? మగపిల్లలు ముగ్గురు బలమైన మగవాళ్లను ఏరుకుని వెళ్లిపోయేవారు. చాలామంది అలాగే వెళ్లిపోయారు కూడా.

ఆ మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఈ ఆట ఇళ్లలో కంటే ముందు బయట, ఆర్కేడ్లలో బతికింది. మన ఊళ్లలో వాటిని వీడియో గేమ్ పార్లర్లు అనేవారు. సగం దించిన షట్టరు, చీకటి, మిషన్ల చుట్టూ మూగిన కుర్రాళ్లు, చేతిలో రూపాయి కాయిన్లు. మా కాలేజీ దారిలో ఒకటుండేది. ఆడపిల్లలెవరూ లోపలికి వెళ్లడం నేను చూడలేదు. వెళ్లకూడదని బోర్డు ఏమీ పెట్టలేదు. పెట్టవలసిన అవసరం రాలేదు. తెరమీద ఒక స్త్రీ ముగ్గురు మగవాళ్లను పడగొడుతుంటే దాన్ని నడిపే చేతులు మాత్రం మగపిల్లలవి.

ఆ గోడ పార్లర్లు మూతపడ్డాక కూడా నిలిచే ఉంది. 2012లో క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్' అనే మరో క్రాసోవర్ ఆట ప్రచారం కోసం అమెరికాలో ఒక పోటీని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. అందులో ఒక యువతిని ఆమె జట్టు శిక్షకుడే రోజుల తరబడి శరీరం గురించి, దుస్తుల గురించి వ్యాఖ్యానిస్తూ వేధించాడు. ఇది మానుకోవచ్చు కదా అని అడిగితే, వేధింపు ఈ ఆటల సంస్కృతిలో భాగమని, అది తీసేస్తే ఇక ఇది ఈ ఆటే కాదని అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆ అమ్మాయి పోటీ నుంచి తప్పుకుంది. తర్వాత అతను క్షమాపణ చెప్పుకున్నాడు. ఆమెను వేధించినవాడు ఎదుటి జట్టువాడు కాదు, సొంత జట్టువాడు. అంతమంది చూస్తున్నా, చిక్కుకున్న మనిషిని విడిపించడానికి వెనక నుంచి ఎవరూ రాలేదు.

మళ్లీ ఆట చరిత్రలోకి వస్తాను. 1996 నాటి మూడో భాగంలో, మనం రెండో భాగంలో సొంతంగా చేసుకున్న మార్పును కంపెనీయే కథగా రాసింది. తకుమా తప్పుకున్నాడు, ఆయన కుర్చీలో యూరీ కూర్చుంది. ఇకారీ సైనికుల జట్టులో హైడెర్న్ స్థానంలోకి అతని పెంపుడు కూతురు లియోనా వచ్చింది. ఒకే ఏడాది ఇద్దరు కూతుళ్లు ఇద్దరు తండ్రుల కుర్చీల్లోకి. ఇయోరీ పక్కన మెచ్యూర్, వైస్ అనే ఇద్దరు స్త్రీలు చేరారు. యూరీ వదిలిన చోటుకు ఆడవాళ్ల జట్టులోకి కసుమి వచ్చింది. ఇరవై ఏడు మందిలో స్త్రీలు ఎనిమిది మంది అయ్యారు. మూడింట ఒక వంతుకు ఒకరు తక్కువ. ఎనిమిదిలో ఒకరి నుంచి ఇంత దూరం ఐదేళ్లలో. తండ్రి తప్పుకుంటేనే కూతురికి చోటు అన్న నియమం మాత్రం ఆస్తి చట్టాల్లాగే ఉంది.

దీని తర్వాత దారి నేరుగా ముందుకు పోలేదు. 2000లో చేతిలో పట్టుకుని ఆడే చిన్న మిషన్ కోసం 'ఎస్ఎన్‌కే గాల్స్ ఫైటర్స్' అని అంతా ఆడవాళ్లే ఉండే ఆట తెచ్చారు. దాని అడుగుజాడల్లో 2018లో 'ఎస్ఎన్‌కే హీరోయిన్స్' వచ్చింది. అందులో ఒక మగవాడు ఈ స్త్రీలందరినీ తన మాయాలోకంలో బంధించి, తనకు నచ్చిన బట్టలు తొడిగి, కొట్లాడిస్తాడు. ఆడవాళ్ల జట్టు చివరికి ఆడవాళ్ల జైలయింది. అదే మాయలో టెర్రీ కూడా ఆడపిల్లగా మారిపోతాడు, అది హాస్యం. కింగ్ మగవేషం వేసినప్పుడు చొక్కా చిరిగింది. టెర్రీ ఆడపిల్ల అయినప్పుడు అందరూ నవ్వారు. 2019 నవంబరులో నింటెండోవారి 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' అనే పెద్ద క్రాసోవర్‌లోకి టెర్రీని తీసుకున్నారు. అతని వెనక పాత మిత్రులు చాలామంది కనిపిస్తారు. మాయి లేదు. ఇది మంచి పిల్లలు ఆడే ఆట కాబట్టి ఆమెను చూపించలేమని దర్శకుడు సకురాయ్ నవ్వుతూ చెప్పాడు. ఆ ఒంటిని అలా గీసింది మగవాళ్లు. అది అలా ఉంది కాబట్టి లోపలికి రానివ్వనిదీ మగవాళ్లే. ఆమె చేసిన తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

కంపెనీ యాజమాన్యం కూడా మారింది. పాత ఎస్ఎన్‌కే 2001లో దివాలా తీసింది. ఆ పేరుతో మళ్లీ నిలబడ్డ సంస్థలో వాటాలను 2020 నుంచి సౌదీ యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ స్థాపించిన మిస్క్ ఫౌండేషన్ తన అనుబంధ సంస్థ ద్వారా కొంటూ వచ్చింది. 2022 నాటికి తొంభై ఆరు శాతం దాటింది. కొనుగోలు మొదలైన రోజుల్లో, స్త్రీలు కారు నడిపే హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్లూల్ సౌదీ జైల్లో ఉంది. 2018 మేలో అరెస్టయిన ఆమె 2021 ఫిబ్రవరిలో గాని బయటికి రాలేదు. మాయి, కింగ్, యూరీల బొమ్మల హక్కులు ఇప్పుడు ఎవరి పెట్టెలో ఉన్నాయో ఆడేటప్పుడు తలుచుకోకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఆడటం మానలేదు కూడా.

2022 ఫిబ్రవరిలో పదిహేనో భాగం వచ్చింది. విడుదలైనప్పుడు బరిలో ముప్పై తొమ్మిది మంది ఉన్నారు, ఎవరినైనా ఎవరితోనైనా కలపవచ్చు. కంపెనీవారు కూర్చిన జట్ల పట్టిక చూశాను. నేను రెండో భాగంలో సొంతంగా కలుపుకున్నట్టు, ఎథీనా ఆడవాళ్ల మధ్యకు వచ్చింది. మాయి, యూరీ, ఎథీనా ఒక జట్టు. వాళ్లకు తమదైన ముగింపు ఉంది. కింగ్ వాళ్లతో లేదు. ర్యో, రాబర్ట్‌ల పక్కన, ఒకప్పుడు తకుమా కూర్చున్న మూడో కుర్చీలో ఉంది.